ఎవరి అక్కఱ ముందు?
(ఆంగ్లదేశమున పురపాలక గృహముల పంపక చరిత్ర)

ఇండ్లు పది, అడుగువారు నూఱుగురు. ఏ పదిమందికి ఇయ్యవలెను? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదిగా నున్నను, దీనికి సమాధానము చెప్పవలసివచ్చిన ప్రతి పురపాలక సభయు, ప్రతి ప్రభుత్వమును తన మనస్సులోని మాటను తెలియకయే బయటపెట్టుకొనినది. ముందు వచ్చినవానికి ఇచ్చినచో కాచుకొని యుండగల శక్తి గలవానికి ఇచ్చినట్లగును. సత్ప్రవర్తన గలవానికి ఇచ్చినచో పెద్దల కంటికి నచ్చినవానికి ఇచ్చినట్లగును. అద్దె తప్పక చెల్లింపగలవానికి ఇచ్చినచో అక్కఱ కొంచెమైనవానికే ఇచ్చినట్లగును. పోనిండు, అక్కఱ మిక్కుటముగా నున్నవానికే ఇత్తమన్నచో, అక్కఱను కొలుచు బద్ద యేది, కొలుచువాడెవడు అను చిక్కు వచ్చిపడును.

మన మహాసభలయందు వసతిగృహములలోని స్థలములను గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు, పేద కుటుంబములకు ఇండ్ల స్థలములను గూర్చియు తీర్మానములు జరుగుచునే యుండును. అట్టి సభవారి సంచికలో ఆంగ్లదేశపు కౌన్సిలు ఇండ్ల కథ యేల యని కొందఱడుగవచ్చును. ఆ దేశమువారు నూఱేండ్లకు పైబడి ఈ పంపకమును చట్టములచేతను లెక్కలచేతను సాగించుచు, తాము చేసిన పొరపాట్లను తమ విచారణ నివేదికలలో తామే వ్రాసిపెట్టుకొనిరి. పొరపాట్లను వ్రాసిపెట్టుకొన్నవారి చరిత్ర యితరులకు మిక్కిలి ఉపకారి. ఆ చరిత్రను పరిశీలింపగా మాకు ప్రధానముగా దోచిన విషయమొకటి కలదు. కొలబద్ద యెంత చక్కనిదైనను, దాని సమీపమునకు ఎవరిని రానిచ్చిరి, ఎవరిని వాకిటనే నిలిపిరి అనుదానినిబట్టియే ఫలితము చాలవఱకు నిశ్చయమైనది. ఈ సంగతినే యిందు ఉదాహరణపూర్వకముగా నిరూపింప బూనితిమి.

ప్రభుత్వము ఇండ్లు కట్టుటకు పూర్వము దాతలు కట్టిరి. జార్జి పీబాడీ అను అమెరికా వర్తకుడు లండను నగర దరిద్రుల మేలుకొఱకు 1862లో 1,50,000 పౌనులు దానమిచ్చెను. అతని నిధినుండి మొదటి భవనము 1864లో స్పిటల్‌ఫీల్డ్సు పేటలో వెలసెను. కాని ఆ భవనములలో చేరగోరువాడు తన యజమానునివద్దనుండి యోగ్యతాపత్రము తేవలెను. అద్దె వారము వారము తప్పక చెల్లింపవలెను. ఏనాటి కూలి ఆనాడు వెదకుకొను హమాలీకి యోగ్యతాపత్రము వ్రాసియిచ్చు యజమాను డెక్కడ నుండును? ఆక్టేవియా హిల్ అను విదుషి 1865లో జాన్ రస్కిన్ పండితుని ధనసహాయముతో మేరిల్‌బోన్ పేటలో కొన్ని పాత యిండ్లను తీసికొని, బాగుచేయించి, పేదలకు అద్దెకిచ్చి, పెట్టుబడికి నూటికి ఐదు చొప్పున లాభము చూపెను. ఆమె అద్దె వసూలు చేయుటకు స్త్రీలనే నియమించి, వారు ప్రతి వారమును గడపగడపకు పోయి కుటుంబముల కష్టసుఖములు విచారించునట్లు చేసెను. ఆమె పరిశ్రమను మేము తక్కువ చేయుట లేదు. పేదవానిని పేరుపెట్టి పిలిచి యెఱిగినవారు ఆ కాలమున అరుదు. అయినను ఆ విచారణలోనే తీర్పును ఇమిడియుండెను. ఇల్లు శుభ్రముగా నున్నదా, మగడు త్రాగునా, అద్దె బాకీ యున్నదా అని చూచి, తగినవారిని నిలిపి తగనివారిని పంపివేయుట ఆ పద్ధతికి ప్రాణము. ఈ ‘తగినవాడు’ అను మాట తరువాతి వందేండ్ల పాటు ఆంగ్లేయుల గృహవిధానమును విడువలేదు.

ఇక పురపాలకుల వంతు. 1889లో లండను కౌంటీ కౌన్సిలు ఏర్పడెను. 1890లో శ్రామికజన గృహముల చట్టము వచ్చెను. బెత్నల్ గ్రీన్ ప్రాంతమున ఓల్డ్ నికల్ అను మురికివాడ యుండెను. చావులలోను, రోగములలోను, దొంగతనములలోను అపఖ్యాతి కెక్కిన సందులవి. కౌన్సిలువారు దానిని నేలమట్టము చేయించి, నడుమ ఎత్తైన ఉద్యానమును, చుట్టును చక్కని యెఱ్ఱయిటుకల భవనములను కట్టించిరి. బౌండరీ ఎస్టేటు అను పేర అవి నేటికిని నిలిచియున్నవి. 1900లో యువరాజు వచ్చి ప్రారంభోత్సవము చేసెను. ఆ మురికివాడనుండి లేవగొట్టబడినవారు 5,719 మంది. క్రొత్త భవనములలో చేరిన పాతవారు 11 మంది.

ఈ రెండంకెలను చదువరులు ఒకమాఱు నిలిచి చూడవలెనని మా మనవి. పాతవారిని రానీయరాదని ఎవ్వరును నిషేధింపలేదు. అద్దె వారికి అందలేదు. ఇంటిలో పెట్టెలు చేయుట, బండ్లపై సరకులమ్ముట మున్నగు వృత్తులకు క్రొత్త భవనముల నియమములు అనుకూలింపలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, కూల్చుటకును కట్టుటకును నడుమ నడచిన యేండ్లలో వారు ప్రక్క వీథులలోని యిఱుకు గదులకు చెదరిపోయిరి. స్థిరమైన కూలిగల పనివాండ్రును గుమాస్తాలును వచ్చి చేరిరి. పేదలకొఱకు కట్టిన యిండ్లలో పేదలు లేకపోవుటకు దుర్మార్గుడెవ్వడును ఉండనక్కఱలేదని దీనివలన తేటపడుచున్నది.

మొదటి మహాయుద్ధానంతరము వీరులకు తగిన యిండ్లు కట్టించెదమని వాగ్దానము చేసి, 1919లో అడిసన్ మంత్రి పేర ప్రసిద్ధమైన చట్టమును తెచ్చిరి. మూడేండ్లలో ఐదు లక్షల యిండ్లని సంకల్పము. అందు సగమైనను పూర్తికాక మునుపే, 1921లో వ్యయమునకు జంకి చాలించుకొనిరి. కట్టినంతవఱకు ఆ యిండ్లు విశాలములు, తోటలతో గూడినవి, అందమైనవి. వాని యద్దెలును అట్లే యుండుటచే బాగుగా సంపాదించు పనివాండ్రకే దక్కినవి. మురికివాడలలోనివారికి నిజముగా ఇండ్లు దొరకుట 1930లో గ్రీన్‌వుడ్ చట్టము వచ్చిన తరువాతనే. ఆ చట్టప్రకారము మురికివాడను కూల్చిన కౌన్సిలు, అచటివారికి వేఱు ఇల్లు చూపవలసిన బాధ్యత వహింపవలెను. ఓల్డ్ నికల్ నేర్పిన పాఠము ముప్పదియేండ్లకు చట్టమున కెక్కినది.

1935వ సంవత్సరపు చట్టము ‘జనసమ్మర్దము’ అనగా నేమో మొట్టమొదట నిర్వచించెను. దీనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది; ఏలయనగా అక్కఱను అంకెలలోనికి దింపుట యెట్టిదో దీనివలన తెలియును. ఒక గదికి ఇద్దఱు, రెండు గదులకు మువ్వురు, మూడు గదులకు ఐదుగురు, నాలుగు గదులకు ఏడున్నర. ఏడున్నర మనుష్యులెట్లు? పదియేండ్లు నిండని బిడ్డ అర మనుష్యుడు. ఏడాది నిండని శిశువు లెక్కలోనికే రాడు. గదులనగా పడకగదులే కావు. పగలు కూర్చుండు గదియు లెక్కయే. ఇప్పుడొక కుటుంబమును తీసికొందము. తల్లి, తండ్రి, ఎనిమిదేండ్ల పిల్లవాడు, ఐదేండ్ల పిల్ల, ఆఱు నెలల పసికందు. కాపురము రెండు గదులలో. మన లెక్కకు ఐదు ప్రాణములు. చట్టపు లెక్కకు రెండును, అరయు, అరయు, సున్నయు కలిపి మూడు. రెండు గదులకు మూడు సరిపోయినది గదా! కావున వారికి ఇఱుకు లేదు. స్త్రీపురుష భేదముగల పది యేండ్లు దాటినవారు, దంపతులు కానివారు, ఒకే గదిలో పండుకొనవలసి వచ్చినచో అదియు సమ్మర్దమే యని వేఱొక నియమము కలదు గాని, ఈ కుటుంబమునకు అదియు వర్తింపదు.

ఈ కొలబద్దతో 1936లో దేశమంతటను లెక్క తీయగా, నూటికి నాలుగు కుటుంబములకు లోపుగనే సమ్మర్దమున ఉన్నట్లు తేలెను. బద్దను పొట్టిగా చేసినచో దరిద్రము పొడుగగును, పొడుగుగా చేసినచో దరిద్రము పొట్టియగును. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా ఈ నిర్వచనము 1985వ సంవత్సరపు చట్టములోనికి ఉన్నదున్నట్లు ఎక్కి, నేటికిని ఆంగ్లదేశమున రద్దు కాలేదు. కౌన్సిలువారు ఇండ్ల పంపకములో దీనికంటె ఉదారమైన పడకగదుల లెక్కను వాడుకొనుచున్నారు గాని, చట్టములో బిడ్డ ఇంకను అర మనుష్యుడే.

అయినను 1935, 1936 సంవత్సరముల చట్టములయందే ఒక మేలైన మాట పడెను. ఆరోగ్యభంగకరములైన యిండ్లలో నున్నవారికిని, సమ్మర్దమున నున్నవారికిని, పెద్ద కుటుంబముల వారికిని కౌన్సిలులు ‘సముచిత ప్రాధాన్యము’ చూపవలెనని అందు విధింపబడెను. యోగ్యత అను మాట ప్రక్కన అక్కఱ అను మాట చట్టమున కూర్చుండెను. కాని సముచితమనగా నెంత యని చట్టము చెప్పలేదు. చెప్పకుండుటచే ప్రతి పట్టణమును తన యిష్టానుసారము నడచుకొనెను.

రెండవ యుద్ధమున బాంబులకు ఇండ్లు కూలినవి. ఆఱేండ్లు క్రొత్తవి కట్టుట లేకపోయెను. సైనికులు తిరిగివచ్చి పెండ్లిండ్లు చేసికొనిరి. పట్టీలలో పేర్లు వేలకు వేలుగా పెరిగెను. ఆ కాలముననే మార్కుల పద్ధతి వ్యాపించెను. ఒక పడకగది కొఱతపడినచో ఇన్ని మార్కులు, వంటయిల్లు ఇతరులతో పంచుకొనుచున్నచో ఇన్ని, స్నానపుగది లేనిచో ఇన్ని, క్షయరోగి యున్నచో ఇన్ని, యుద్ధసేవ చేసియున్నచో ఇన్ని, కాచుకొనిన ప్రతి సంవత్సరమునకు ఇన్ని. అంతయు కూడి, ఎక్కువ వచ్చినవారికి ముందు. ఈ పద్ధతికి గల సుగుణమును మేము దాచము. కౌన్సిలు సభ్యుని యింటిచుట్టు తిరిగి మొగమాటముచే ఇల్లు సంపాదించు దురాచారమునకు ఇది గట్టి అడ్డు. వ్రాసిపెట్టిన లెక్క యుండుటచే ఓడినవాడు ‘నాకేల రాలేదు?’ అని అడుగుటకు ఆధారము దొరకెను. 1949లో బెవన్ మంత్రి చట్టములనుండి ‘శ్రామికవర్గము’ అను పదమునే తొలగించెను. ఇకమీదట కౌన్సిలు ఇల్లు ఎల్లవారికిని అని ఆశయము.

ఎల్లవారికిని అనినప్పుడే, ఎల్లవారనగా ఎవరు అను ప్రశ్న పుట్టెను. బర్మింగ్‌హామ్ నగరము దీనికి ఉదాహరణము. అచ్చటి నియమము ప్రకారము ఐదేండ్లు ఆ నగరమున నివసించినగాని మార్కుల పట్టీలో పేరు ఎక్కింపరు. ఈ నియమమున వర్ణమును గూర్చి గాని, జాతిని గూర్చి గాని ఒక్క అక్షరమైనను లేదు. అన్యాయముగా గూడ తోపదు. ఊరివారికి ముందు ఇచ్చుట లోకసహజము గదా! కాని ఆ నగరపు కార్ఖానాలు మనుష్యులు చాలక ఐర్లండునుండియు, పశ్చిమ ఇండియా దీవులనుండియు, పాకిస్థాను, భారతదేశములనుండియు వచ్చినవారికి ఆనాడే పని యిచ్చుచుండెను. పనికి మొదటినాడే పనికివచ్చినవాడు, ఇంటికి ఐదేండ్ల వఱకు పనికిరాలేదు. ఆ యైదేండ్లు వాడు ఎచ్చట తలదాచుకొనవలెను?

జాన్ రెక్స్, రాబర్ట్ మూర్ అను సంఘశాస్త్రజ్ఞులు ఆ నగరములోని స్పార్క్‌బ్రూక్ పేటను పరిశోధించి 1967లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రశ్నకు ఉత్తరము కలదు. కౌన్సిలు ఇల్లు రాదు; గృహఋణ సంఘములు అప్పియ్యవు. అందుచే కొందఱు కూడబలుకుకొని, హెచ్చు వడ్డీకి స్వల్పకాలపు అప్పులు తెచ్చి, ధనికులు విడిచిపోయిన పెద్ద పాత యిండ్లను కొనిరి. అప్పు తీర్చుటకు గది గదిని అద్దెకిచ్చిరి. ఇండ్లు క్రిక్కిఱిసినవి. అంతట కౌన్సిలువారు, ఈ విదేశీయులు సమ్మర్దమును, మురికిని పెంచుచున్నారని వారిపై నిబంధనలు విధించి శిక్షింప బూనిరి. వాకిలి మూసినవారే, వాకిట గుమిగూడినారని కోపించుట ఇదియే. ఐదేండ్లు గడచి పట్టీలో చేరినవానికైనను మఱియొక కొలత యుండెను. ఇండ్లు చూచు ఉద్యోగి వచ్చి, పడకలను, పాత్రలను, పిల్లలను, గృహిణి మాటతీరును చూచి, వీరికి క్రొత్త యిల్లు తగునా, కూల్చుటకు సిద్ధముగా నున్న పాత యిల్లు చాలునా అని వ్రాసికొని పోవును. ఆక్టేవియా హిల్ కాలపు ‘తగినవాడు’ మార్కుల పుటల నడుమనుండి మఱల తొంగిచూచెను.

ప్రభుత్వము నియమించిన కల్లింగ్‌వర్త్ ఉపసంఘము 1969లో ఈ వ్యవహారములను గట్టిగా ఖండించెను. నివాసకాలపు నిబంధనచే ఎవ్వరిని పట్టీనుండి తొలగింపరాదనియు, ఎవరైనను దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, కౌన్సిలు ఇల్లు సచ్ఛీలమునకు బహుమానము కాదనియు ఆ నివేదిక సారాంశము. సలహా మాత్రమే, చట్టము కాలేదు.

పట్టీలో పేరున్నవాని స్థితి ఇట్లుండగా, ఇల్లే లేనివాని స్థితి ఇంతకంటె విపరీతముగా నుండెను. ఇల్లు లేనివానికి ఇఱుకుగది మార్కులు లేవు, వంటయింటి మార్కులు లేవు. వాని అక్కఱ కొలబద్దకే అందలేదు. 1948వ సంవత్సరపు జాతీయ సహాయ చట్టము ప్రకారము అట్టివారికి తాత్కాలిక వసతి మాత్రము చూపుచుండిరి. ఆ వసతిగృహములు పలుచోట్ల తల్లికిని బిడ్డలకును మాత్రమే. తండ్రికి ప్రవేశము లేదు. కెంటు మండలమున వెస్ట్ మాలింగ్ వద్ద కింగ్ హిల్ అను వసతిగృహమున 1965, 1966 సంవత్సరములలో భర్తలు నియమమును ధిక్కరించి భార్యాబిడ్డలతో నుండిపోయిరి. కోర్టు ఉత్తరువును మీఱినందుకు కొందఱు చెఱసాలకును పోయిరి. తన బిడ్డల ప్రక్కన పండుకొన్నందుకు తండ్రి ఖైదు పొందిన దేశము, ఆనాటికి లోకములోని ధనిక రాజ్యములలో ఒకటి. 1966 నవంబరు 16వ తేదీన బీబీసీ టెలివిజనులో ‘కేథీ కమ్ హోమ్’ అను నాటకము ప్రదర్శింపబడెను. కెన్ లోచ్ దర్శకుడు. ఒక సామాన్య కుటుంబము ఇల్లు పోగొట్టుకొని, మగడు విడిపోయి, తుదకు బిడ్డలనుగూడ అధికారులు లాగికొనిపోవు కథ అది. లక్షలాది జనులు చూచి చలించిరి. కొద్దిదినములకే ‘షెల్టర్’ అను ధర్మసంస్థ వెలసెను.

అయినను చట్టము రావలెనన్న పదునొకండు సంవత్సరములు పట్టినది. స్టీఫెన్ రాస్ అను లిబరలు సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు 1977లో నిరాశ్రయుల గృహచట్టమయ్యెను. గర్భవతులు, చిన్నబిడ్డలు గలవారు, వార్ధక్యముచే గాని వ్యాధిచే గాని దుర్బలులైనవారు, వరదచేతనో అగ్నిచేతనో ఇల్లు కోల్పోయినవారు ‘ప్రాధాన్యము గల అక్కఱ’ గలవారనియు, వారికి వసతి కల్పించుట కౌన్సిలునకు విధియనియు నిర్ణయింపబడెను. దయ విధిగా మాఱినది. కాని బిల్లుపై చర్చ జరుగునప్పుడు, ఇది సోమరులకును మోసగాండ్రకును వరమగునని కొందఱు సభ్యులు గగ్గోలు చేయగా, బుద్ధిపూర్వకముగా ఇల్లు విడిచినవారికి ఈ హక్కు లేదని ఒక షరతు చేర్చిరి. ఆ షరతు ముందుముందు ఏమి చేసెనో చెప్పెదము.

లండనులోని తూర్పు పేటలకు మఱల పోదము. బౌండరీ ఎస్టేటు ఉన్న ప్రాంతమే అది. 1957లో మైకేల్ యంగ్, పీటర్ విల్మాట్ అను పరిశోధకులు బెత్నల్ గ్రీన్ కుటుంబములను గూర్చి ప్రసిద్ధ గ్రంథము ప్రకటించిరి. అచ్చట పూర్వము ఆడపిల్లకు పెండ్లి కాగానే, తల్లి అద్దె వసూలుచేయువానితో మాటాడి, ప్రక్క వీథిలో ఖాళీయైన గదులను కూతునకు ఇప్పించుకొనెడిది. తల్లి ప్రక్కన కూతురు, కూతురు ప్రక్కన మనుమరాలు. వీథి అంతయు చుట్టములే. ఇండ్లు కౌన్సిలు చేతికి వచ్చిన పిమ్మట ఆ మాటసాయము చెల్లదయ్యెను. పట్టీలో వరుస వచ్చినవారికే ఇల్లు. కూతుండ్రు దూరపు క్రొత్త కాలనీలకు పోవలసివచ్చెను. ఆ తల్లుల బాధ సామాన్యమైనది కాదు. మన పల్లెలలో నొక వీథివారందఱును ఒక యింటిపేరువారై యుండుట యెఱిగిన మనకు అది వేఱుగా చెప్పనక్కఱలేదు.

తరువాత బంగ్లాదేశమునుండి వచ్చిన కుటుంబములు ఆ పేటలలో చేరినవి. ఇఱుకులో వారిని మించినవారు లేరు. కాని ఇండ్లు దొరకక, 1976లో బెంగాలీలు సంఘముగా నేర్పడి ఖాళీ భవనములలో ప్రవేశించి కాపురముండిరి. అక్కఱను కొలిచినచో వారికే ముందు రావలెను. అంతట పాతకాపులు, మా తాతలు యుద్ధమున బాంబులకు ఓర్చి నిలిచిన యీ పేటలో మా బిడ్డలకు చోటు లేదా అని ఆగ్రహించిరి. 1980ల చివర టవర్ హామ్లెట్సు కౌన్సిలు ‘కొడుకులు, కూతుండ్రు’ అను పథకము పెట్టి, అచ్చటి కాపురస్థుల సంతానమునకు కొన్ని ఇండ్లు ప్రత్యేకించెను. ఆ కౌన్సిలే, బంగ్లాదేశమునుండి భార్యాబిడ్డలను రప్పించుకొన్న కొందఱితో, మీకు స్వదేశమున ఇల్లుండగా విడిచివచ్చితిరి కావున బుద్ధిపూర్వకముగా నిరాశ్రయులైతిరని చెప్పి 1977వ చట్టపు షరతును ప్రయోగించెను. ఆ వ్యవహారములు న్యాయస్థానములకు ఎక్కినవి. 2006లో యంగ్ పండితుని సహచరులు ప్రకటించిన గ్రంథమున, అక్కఱ నొక్కదానినే కొలిచి, చిరకాల నివాసమును, సేవను లెక్కింపకుండుటయే పాతకాపుల ద్వేషమునకు కారణమని వాదింపబడినది.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఇరుగుపొరుగు అనునది గోడలు కట్టినంతమాత్రమున పుట్టునది కాదు. కాని మా అభిప్రాయమును దాపరికము లేక చెప్పవలెనన్నచో, ‘మావారికి ముందు’ అను నియమము, ఇదివఱకే లోపల నున్నవారి వారసత్వమును కాపాడునేగాని వెలుపల నున్నవాని అక్కఱను ఎన్నటికిని చూడదు. లోపలివారు ఎట్లు లోపలికి వచ్చిరో విచారించినచో, ఒకప్పుడు వారి పెద్దలకుగూడ ఎవరో వాకిలి తెఱచినవారే. కుల సభల సంచికలో ఈ మాట వ్రాయుటకు మేము జంకలేదు. మన వసతిగృహములలో చేరిన మొదటి తరమువారి బిడ్డలు నేడు కారులలో వచ్చి అదే వసతిగృహపు దరఖాస్తు తీసికొనిపోవుట పలువురెఱిగినదే.

పట్టీలో చేరి, మార్కులు సమానముగా వచ్చిన తరువాతనైనను న్యాయము సిద్ధించినదా? లండనులోని హాక్నీ కౌన్సిలును గూర్చి జాతిసమానతా సంఘము 1984లో ప్రకటించిన విచారణ దీనికి సమాధానము. తెల్లవారికిని నల్లవారికిని అక్కఱ యొక్కటియే. పట్టీలో వరుస యొక్కటియే. కాని తెల్లవారికి క్రొత్త యిండ్లును, క్రింది అంతస్తులును, నల్లవారికి పాత భవనములును, పై అంతస్తులును హెచ్చుగా దక్కుచుండెను. ఇల్లు ఇచ్చితిరా అను లెక్క యుండెనుగాని, ఏ యిల్లు ఇచ్చితిరి అను లెక్కను అంతవఱకు ఎవ్వరును తీయలేదు.

ఇటీవలి సంగతులను త్వరగా ముగించెదము. 1980వ చట్టముచే కౌన్సిలు ఇండ్లను అద్దెదారులే తక్కువ ధరకు కొనుక్కొను హక్కు వచ్చెను. అంతకుమున్ను నూటికి ముప్పది కుటుంబములు కౌన్సిలు ఇండ్లలో నుండగా, అమ్మిన వానికి బదులు చాలినన్ని కట్టకపోవుటచే ఆ యిండ్లు తఱిగి, పంపకము మఱింత కఠినమయ్యెను. హాలండు దేశమున డెల్ఫ్ట్ నగరము 1990లో ఖాళీ యిండ్లను పత్రికలో ప్రకటించి, కావలసినవారు తామే యెంచుకొని అడుగు పద్ధతి పెట్టగా, ఆంగ్లేయులును దానిని గ్రహించిరి. న్యూహామ్ కౌన్సిలు అట్టి పద్ధతిలో కాచుకొనిన కాలమునకు ప్రాముఖ్యమిచ్చినది న్యాయమా కాదా అను వివాదము ప్రభువుల సభవఱకు పోగా, 2009లో ప్రభువులు, అక్కఱగల వేలమందిలో ఒక్కొక్కని కష్టమును తూకము వేయుట కౌన్సిలునకు విధి కాదని తీర్పు చెప్పిరి.

2011లో లోకలిజము చట్టము వచ్చి, ఎవరిని పట్టీలో చేర్చుకొనవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛను కౌన్సిలులకు తిరిగి యిచ్చెను. దాని ఫలము చూడుడు. ఆంగ్లదేశమున 2012లో పట్టీలయందు 18 లక్షలకు పైగా కుటుంబములుండగా, 2018 నాటికి 11 లక్షల ప్రాంతమునకు దిగినవి. ఏడు లక్షల కుటుంబములకు ఇండ్లు దొరకినందున ఈ తగ్గుదల కలుగలేదు. నిబంధనలు మాఱి, పేర్లు కొట్టివేయబడినవి. హిల్లింగ్‌డన్ కౌన్సిలు పదేండ్ల నివాసము లేనివారిని తొలగింపగా, స్థిరనివాసమెఱుగని ఐరిషు సంచారజాతివారికిని, శరణాగతులకును ఆ నియమము అన్యాయమగుచున్నదని అప్పీలు న్యాయస్థానము 2019లో తీర్పు చెప్పవలసివచ్చెను. బర్మింగ్‌హామ్ ఐదేండ్లు అరువది సంవత్సరములకు పదేండ్లై తిరిగివచ్చినవి.

మన దేశమున 1985-86లో ఆరంభమైన ఇందిరా ఆవాస యోజన మొదట షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, విముక్తులైన వెట్టివారికిని ఉద్దేశింపబడెను. 2016లో దాని స్థానమున వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన, 2011వ సంవత్సరపు సామాజిక, ఆర్థిక, కుల గణనను ఆధారముగా గైకొనెను. ఇల్లే లేనివారు మొదట, తరువాత సున్న గదివారు, ఒక గది మట్టియింటివారు, రెండు గదులవారు అని వరుస. భిక్షాటనచే జీవించువారును, పాకీపని చేసినవారును, వెట్టినుండి విడుదలైనవారును తప్పక చేరవలెను. పిదప గ్రామసభలో పట్టీ చదివి వినిపింపవలెను. ఇది చక్కని బద్ద. బిడ్డను అర మనుష్యునిగా లెక్కించునది కాదు. మోటారు సైకిలు గాని, చల్లపెట్టె గాని ఉన్నయింటిని ఆదిలో తీసివేయుచుండిరి. కూలికి దూరము పోవుటకు అప్పుచేసి కొన్న పాత బండియు అందు లెక్కకు వచ్చెను. 2024లో ఈ షరతులు కొంత సడలినవి. హైదరాబాదున 2023లో రెండు పడకగదుల యిండ్లను లాటరీచే పంచిరి. అర్హులందఱును సమానులేయని ఒప్పుకొనిన తరువాత చీటీ తీయుట తప్పు కాదు. అందఱును సమానులేనా అని ముందుగా చూచుటయే కష్టము.

మాకు భయము వేఱొకచోట కలదు. పాలమూరు పల్లెలనుండి కూలికై బొంబాయికి, పూనాకు పోయిన కుటుంబము గణకుడు వచ్చినరోజున ఇంట నుండదు. గ్రామసభ జరిగినరోజునను ఉండదు. తాళము వేసిన గుడిసెకు గదులెన్నియో ఎవడు చెప్పును? 2011 పట్టీలో విడువబడినవారు చాలమంది కలరని తెలిసియే, 2018 జనవరినుండి 2019 మార్చివఱకు ‘ఆవాస్ ప్లస్’ అను పేర దేశమంతటను మఱల లెక్క తీయించి, తప్పినవారి పేర్లను వ్రాసికొనిరి. ఆ రెండవ లెక్కయు ఇంటింటికి పోయి, వాకిట నిలిచినవారిని చూచి వ్రాసినదే.